పైన పొడి మట్టి, అడుగున నీళ్లు: సెల్ఫ్ వాటరింగ్ కుండీలతో నా అనుభవం

వేసవి సెలవుల్లో ఇంటికి తాళం వేసి ఊరికి వెళ్లేవాళ్లకు రెండు బెంగలు. ఒకటి దొంగల బెంగ, రెండోది మొక్కల బెంగ. మొదటిదానికి తాళాలు, కెమెరాలు వచ్చాయి. రెండోదానికి ఇప్పటికీ పక్కింటివాళ్ల దయే దిక్కు. తాళం చెవి చేతిలో పెట్టి, నీళ్లు పోయమని చెప్పి వెళ్తాం. ఎంత పోయాలో చెప్పినా ఒక్కో చేతిది ఒక్కో కొలత. మా పక్కింటి వదినగారిది ధారాళమైన చేయి. ఒక వేసవిలో మేము తిరిగొచ్చేసరికి పీస్ లిల్లీ చచ్చిపోయి ఉంది. ఎండిపోయి కాదు, కుళ్లిపోయి. సాయం చేసిన మనిషిని ఏమనగలం? ఆవిడకు తెచ్చిన పూతరేకులు ఆవిడకు ఇచ్చి ఊరుకున్నాం.

మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో కిటికీ పక్కన కొన్ని, తూర్పు బాల్కనీలో కొన్ని మొక్కలు ఉన్నాయి. పుట్టిల్లు కోనసీమ కావడం వల్ల ఏటా మే నెలలో పిల్లలతో అక్కడికి వెళ్లక తప్పదు. వచ్చేటప్పుడు కడియం నర్సరీల మీదుగా రాకుండా ఉండలేను. అంటే ఇంట్లో మొక్కలు చచ్చే నెలా, కొత్తవి చేరే నెలా ఒకటే. ఈ తంతు ఎప్పటికైనా ఆగాలని అడుగున నీటి తొట్టి ఉండే కుండీల వైపు చూశాను. ఎండ, వాన, చలి మూడు కాలాలూ వాటితో గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. ఈ ఏర్పాటులో కుండీది చిన్న పాత్ర, అందులో నింపే మిశ్రమానిది పెద్ద పాత్ర. అమ్మేవాళ్లు కుండీ గురించే చెబుతారు, ఎందుకంటే వాళ్లు అమ్మేది అదే.

డబ్బు పెట్టేముందు అసలు సూత్రం పనిచేస్తుందో లేదో చూద్దామని రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాను మధ్యకు కోశాను. పై సగాన్ని మూతతో సహా తలకిందులు చేసి కింది సగంలో దించాలి. మూతకు రంధ్రం పెట్టి ఒక ఒత్తి దూర్చాలి. పైన మిశ్రమం, కింద నీళ్లు, నడుమ ఒత్తి. దీపంలో ఒత్తి నూనెను లాగినట్టే ఇది నీటిని పైకి లాగుతుంది. హైస్కూలు భౌతికశాస్త్రంలో కేశనాళికీయత అని చదువుకున్నాం కదా, ఇది అదే. సన్నటి సందుల్లో నీరు గోడలను పట్టుకుని తనంతట తాను పైకి పాకుతుంది. సందు ఎంత సన్నమైతే అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరయ్యేకొద్దీ వేళ్లు చుట్టూ ఉన్న తడిని తీసుకుంటాయి, ఖాళీ అయిన చోటికి కింది నుంచి మళ్లీ తడి చేరుతుంది. మోటారు లేదు, టైమరు లేదు, కరెంటు పోతుందన్న భయమూ లేదు.

ఒత్తి దేనితో చేయాలన్న ప్రశ్న నాకు అన్నిటికన్నా సరదాగా తోచింది. ఇంట్లో దొరికిన తాళ్లన్నీ బల్ల మీదికి చేర్చాను: పూజకు వాడే పత్తి ఒత్తులు, పాత చున్నీ పీలికలు, లంగా బొందు, స్వెటర్ అల్లగా మిగిలిన యాక్రిలిక్ ఊలు, బట్టలు ఆరేసుకునే నైలాన్ తాడు. ఒక గ్లాసులో రంగు నీళ్లు పోసి, ఒక్కొక్క దాని కొసను అందులో ముంచి, రెండో కొసను కాస్త పల్లంలో పెట్టిన ఖాళీ గ్లాసులోకి వేలాడదీశాను. అత్తయ్యగారు వచ్చి ఆ గ్లాసుల వరుసను చూసి, "ఇది ఏ నోమమ్మా?" అని అడిగారు.

నూలువి అన్నిటికన్నా ముందు తడిశాయి. నైలాన్ తాడు మొండికేసింది. అవి నున్నటి పోగులు, వాటి మీద తయారీలో పడిన నూనె పూత ఒకటి. సబ్బు వేసిన వేడినీళ్లలో ఉతికాక అదీ కొంత దారికి వచ్చింది కానీ నాకు నచ్చలేదు. ముందు గెలిచిన నూలు చివర్లో ఓడుతుంది. తడి మట్టిలో పత్తిని సూక్ష్మజీవులు తినేస్తాయి. కొన్ని నెలలకు ఒత్తి తెగి మట్టిలో కలిసిపోతుంది. తొట్టి నిండుగా ఉంటుంది, మొక్క మాత్రం ఎండుతూ ఉంటుంది. నిలిచేవి పాలిస్టరు బొందు, యాక్రిలిక్ ఊలు. ఊలు నాలుగైదు పోగులు కలిపి అల్లితే చిన్న కుండీకి సరిపోతుంది. ఏదైనా సరే, పెట్టేముందు తడిపి పిండాలి. పొడి ఒత్తిని పొడి మిశ్రమంలో పెడితే నీరు ఎక్కడం మొదలే కాదు. సీసాలో పెట్టిన మనీ ప్లాంటు కొమ్మ వేళ్లు పట్టి కొత్త ఆకు విప్పాక కుండీలు కొనడానికి వెళ్లాను.

బజారులో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. చిన్నవాటిలో బయట ఒక తొట్టి, లోపల రంధ్రాల బుట్ట, బుట్ట అడుగు నుంచి వేలాడే తాడు ఉంటాయి. పెద్దవాటిలో తాడుకు బదులు లోపలి బుట్టకే గుంటల్లాంటి కాళ్లుంటాయి. మిశ్రమమే ఆ కాళ్లలోకి దిగి నీటిలో నిలబడి ఒత్తి పని చేస్తుంది. పక్కన నీళ్లు పోసే గొట్టం, నీటి మట్టాన్ని చూపే తేలే పుల్ల, నీళ్లు ఎక్కువైతే బయటికి పోవడానికి ఒక రంధ్రం ఉంటాయి. ఈ తరహాలో బాగా పేరున్నవి జర్మనీకి చెందిన లెచూజా కుండీలు. ప్లేమొబిల్ బొమ్మల కంపెనీ తెచ్చినవే అవి. వాటి ధర చూసి దూరం నుంచే దండం పెట్టి, ఇక్కడ దొరికే ప్లాస్టిక్ వాటితో సరిపెట్టుకున్నాను.

నేను పట్టి పట్టి చూసింది ఆ చివరి రంధ్రాన్ని. చవక కుండీలు చాలావాటికి అది ఉండనే ఉండదు. గచ్చు మీద నీళ్లు కారకూడదని కొందరు బిరడా పెట్టి అమ్ముతారు. అది లేకపోతే ఎవరో ఒకరు ప్రేమ కొద్దీ నింపేసిన రోజున బుట్ట మొత్తం నీటిలో మునుగుతుంది. రంధ్రం బుట్ట అడుగుకన్నా కాస్త కింద ఉండాలి. అప్పుడే నీటికీ బుట్టకూ మధ్య గాలి అర మిగులుతుంది. రంధ్రం లేని రెండింటికి నేనే మేకు కాల్చి పెట్టుకున్నాను. అందంగా ఉందని లోపలి నీళ్లు కనిపించే పారదర్శకమైన కుండీ కూడా ఒకటి మా అమ్మాయి ఎంచుకుంది. వెలుతురు తగిలి నెల తిరగకుండానే లోపలంతా పచ్చటి నాచు పట్టింది. ఇప్పుడది పెన్నులు పెట్టుకునే డబ్బా.

ఇక మట్టి. దగ్గర్లోని నర్సరీకి వెళ్లి ఈ కుండీల్లోకి ఏం నింపాలని అడిగితే, అక్కడి అబ్బాయి ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన బస్తా చూపించాడు. "అన్నిటికీ ఇదే మేడమ్, ఇంకేమీ అక్కర్లేదు" అన్నాడు. పైనుంచి నీళ్లు పోసే కుండీకి అతను చెప్పింది నిజమే. పోసిన నీళ్లు దిగిపోతాయి, మట్టి ఆరుతుంది, సందుల్లోకి గాలి చేరుతుంది, మళ్లీ పోస్తాం. అడుగున ఎప్పుడూ నీళ్లుండే కుండీలో ఆ ఆరే విరామం లేదు. ఎర్రమట్టిలో ఉండే బంకమట్టి రేణువులు మరీ సన్నం. అవి నీటిని ఎంతో ఎత్తుకు లాగి ప్రతి సందునూ నింపి పట్టుకుంటాయి. వేళ్లకు నీరెంత కావాలో ఆక్సిజన్ అంత కావాలి. గాలి ఆడని తడిలో వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరు మీద కుళ్లు తెగుళ్లు చేరతాయి. పైన ఆకు వాడి వేలాడుతుంది. దాహమేమో అనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం. మా పీస్ లిల్లీ పోయిన తీరు సరిగ్గా ఇదే అని అప్పుడు అర్థమైంది.

నేను కలుపుకున్నది కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, పెర్లైట్ ఒక పాలు, వానపాముల ఎరువు ఒక పాలుకు కాస్త తక్కువ. కొలతకు ఏ డబ్బా అయినా సరే. పొట్టు నీటిని లాగుతుంది, పెర్లైట్ గాలికి చోటు ఉంచుతుంది, ఎరువు తిండి. పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజురాయిని బాగా కాల్చి పేలాల్లా పొంగించినది. సంచి విప్పగానే తెల్లటి దుమ్ము లేస్తుంది. ముందు కొంచెం నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని కలపాలి.

కొబ్బరి పొట్టు గురించి కాస్త గర్వంగానే మాట్లాడతాను, అది మా వైపు సరుకు. అంబాజీపేట చుట్టుపక్కల పీచు తీసే చోట్ల పొట్టు గుట్టలుగా పోసి ఉండేది. చిన్నప్పుడు ఆ గుట్టలెక్కి జారి, ఒంటినిండా దురదతో ఇంటికెళ్లి తిట్లు తినేవాళ్లం. అప్పట్లో అది అడ్డం తప్ప సరుకు కాదు. ఇప్పుడు దాన్నే ఇటుకలుగా నొక్కి, మెరిసే కాగితం చుట్టి నాకు అమ్ముతున్నారు. 650 గ్రాముల ఇటుకను బకెట్టు నీళ్లలో వేస్తే దాదాపు ఎనిమిది లీటర్ల పొట్టు అవుతుంది. అలాగే వాడేయకూడదు, కడగాలి. కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఉంటాయి. పైనుంచి నీళ్లు పోసే కుండీలో అవి కొట్టుకుపోతాయి, కింది నుంచి నీరెక్కే కుండీలో ఎక్కడికీ పోవు. పాత చీర ముక్కలో మూటకట్టి, కారే ముదురు గోధుమరంగు నీళ్లు పలచబడేదాకా కడిగాను. ఆ మూట పిండడానికి మావారి చేతులు బాగా పనికొచ్చాయి.

ఇంతచేసినా కడియం మొక్కలతో ఇంకో పేచీ ఉంది. నల్ల సంచి కోస్తే వేళ్ల చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది. నర్సరీవాళ్లను తప్పు పట్టడానికి లేదు. లారీలో వందల కిలోమీటర్లు వేళ్లు కదలకుండా రావాలంటే అలాంటి మట్టే కావాలి. ఆ ముద్దను అలాగే తీసుకెళ్లి తేలికపాటి మిశ్రమం మధ్యలో పెడితే, చుట్టూ ఉన్న తడినంతా ముద్ద తన వైపు లాక్కుంటుంది. సన్నటి సందులున్న మట్టికి లాగే బలం ఎక్కువ. పొట్టు పొడిగా, ముద్ద బురదగా, వేళ్లేమో ముద్దలోనే. కాబట్టి ప్రతి మొక్కనూ బకెట్టు నీళ్లలో గంటసేపు నానబెట్టి, వేళ్ల మధ్య నుంచి మట్టిని చేతివేళ్లతోనే మెల్లగా రాల్చాను. పూర్తిగా రాకపోయినా మూడొంతులు వస్తే చాలు. కొన్ని సన్నని వేళ్లు తెగుతాయి, అందుకని పాత ఆకులు కొన్ని కత్తిరించి కొన్నాళ్లు ఎండ తగలని మూలన ఉంచాను. సింగోనియం ఏమీ పట్టించుకోలేదు. పీస్ లిల్లీ మాత్రం అలిగి ఆకులన్నీ కిందికి వేలాడేసి, తన ఇష్టం వచ్చినప్పుడు లేచింది.

నింపేటప్పుడు బుట్ట కాళ్లలోకి తడిపిన పొట్టు, పెర్లైట్ మాత్రమే వేసి వేలితో గట్టిగా అదిమాను. అక్కడ గాలి బుడగ మిగిలితే నీటికీ మిశ్రమానికీ లంకె తెగుతుంది. ఎరువు అక్కడ వేయకపోవడానికి కారణం వాసన. ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే చోట ఎరువు కుళ్లి, కోడిగుడ్డు మురిగిన కంపు కొడుతుంది. పైభాగంలో మాత్రం అదమకుండా వదులుగా నింపాను.

నాటిన వెంటనే తొట్టిలో నీళ్లు పోయలేదు. వేళ్లు కిందికి దిగితే కదా కింది నీటితో పని. కొత్త చిగురు కనిపించేదాకా కొన్ని వారాలు మామూలుగా పైనుంచే పోశాను. ఆ తరువాత తొట్టి నింపడం మొదలుపెట్టాను. పుల్ల అడుగుకు దిగిపోగానే పరుగెత్తి నింపను, ఒకటి రెండు రోజులు వదిలేస్తాను. మిశ్రమంలో ఎలాగూ తడి మిగిలే ఉంటుంది, కింది వేళ్లకు ఆ విరామంలో గాలి దొరుకుతుంది.

మొక్కలకన్నా ఇంట్లో మనుషులను ఒప్పించడం కష్టం. ఈ కుండీల్లో పై మట్టి అంగుళం మందాన ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. అది చూస్తూ ఊరుకోవడం అత్తయ్యగారి వల్ల కాలేదు. "మొక్క నోరెండిపోతోందమ్మాయ్, నీకు కనిపించడం లేదా?" అంటూ చెంబు ఎత్తేవారు. వద్దంటే నొచ్చుకుంటారు. చివరికి ఒక చీపురుపుల్లను కుండీలో అడుగుదాకా గుచ్చి బయటికి తీసి చూపించాను. కింది సగం తడితో నల్లగా, పొట్టు అంటుకుని వచ్చింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఆవిడే పుల్ల గుచ్చి చూసి నాకు నివేదిక ఇస్తారు. ఆ పొడి పొర వల్ల ఇంకో మేలు జరిగింది. ఇంతకుముందు కుండీల మీద ముసిరే చిన్న నల్ల ఈగలు చాలావరకు పోయాయి. అవి గుడ్లు పెట్టేది తడిగా ఉండే పై మట్టిలో. ఇక్కడ వాటికి ఆ సదుపాయం లేదు.

అట్ట పెట్టె మీద "నెల రోజుల దాకా నీళ్లు అక్కర్లేదు" అని రాసి ఉంటుంది. ఏ మొక్కకు, ఏ ఊళ్లో, ఏ నెలలో అన్నది రాయరు. ఊరికి వెళ్లేముందు ఏప్రిల్లోనే ఒకసారి తొట్లు నింపి, ఏది ఎన్నాళ్లకు ఖాళీ అవుతుందో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకున్నాను. బల్ల మీద పెట్టుకునే చిన్నవాటి తొట్టిలో కాఫీ కప్పుడు నీళ్లే పడతాయి, అవి వారం కూడా ఆగలేదు. పెద్ద కుండీలో పీస్ లిల్లీ రెండు వారాలు దాటింది. స్నేక్ ప్లాంట్ పెట్టిన తొట్టిలో నీళ్లు తగ్గనే లేదు, దాని సంగతి తరువాత చెబుతాను. ఆ లెక్కతో చిన్నవాటిని పెద్ద కుండీల్లోకి మార్చాను, మిగిలినవాటిని పక్కింటికి చేర్చాను. కిటికీ నుంచి రెండు గజాలు లోపలికి జరిపి, పరదా వేసి, మొక్కలన్నిటినీ ఒకచోట గుంపుగా పెట్టి బయలుదేరాం.

తిరిగొచ్చేసరికి పీస్ లిల్లీ, సింగోనియం, మనీ ప్లాంటు వెళ్లినప్పటికన్నా బాగున్నాయి. ఫెర్న్ మాత్రం సగం ఆకులు కొసల నుంచి మాడ్చుకుంది. తొట్టిలో నీళ్లున్నాయి, మిశ్రమం తడిగానే ఉంది. లోటు గాలిలో ఉంది. మే నెలలో తలుపులు మూసిన హైదరాబాదు ఇంట్లో గాలి ఎండుగడ్డిలా ఉంటుంది. వేళ్ల దగ్గర ఎంత నీరున్నా ఆకు దగ్గరి పొడితనాన్ని ఈ కుండీ తీర్చలేదు. ఫెర్న్‌ను ఇప్పుడు వేసవికి బాత్రూము కిటికీలో పెడుతున్నాను.

వానలు పడ్డాక దోమల భయం మొదలైంది. నా మటుకు నాకు ఈ కుండీల మీద ఉన్న పెద్ద అభ్యంతరం ఇదే, చాలామంది దీన్ని తేలికగా దాటేస్తారు. డెంగీ దోమ మురుగులో పెరగదు, శుభ్రమైన నిలవ నీటిలో పెరుగుతుంది. మనం తొట్టిలో పోసేది అదే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. 2020లో తెలంగాణలో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు ఇంటి చుట్టూ నిలవ నీరు చూసుకోమని పిలుపునిచ్చారు. ఆంధ్రలో శుక్రవారం డ్రై డే అంటారు. ఆ వెతుకులాటలో పూలకుండీ కింది పళ్లెం ఎప్పుడూ మొదటి వరుసలో ఉంటుంది. మరి కుండీ లోపలే తొట్టి పెట్టుకున్నవాళ్ల మాటేమిటి?

బాల్కనీలోని ఒక కుండీ గొట్టంలో టార్చి వేసి చూస్తే సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతూ కనిపించాయి. ఆ రోజే తొట్లన్నీ విప్పి కడిగాను. ఒంపేస్తే చాలదు, లోపలి గోడ రుద్దాలి. ఈ దోమ నీటిలో కాకుండా నీటి అంచుకు కాస్త పైన, తడి గోడ మీద గుడ్లు అతికిస్తుంది. ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. దోమతెర ముక్కలు కత్తిరించి గొట్టం మూతికీ, నీళ్లు పోయే రంధ్రానికీ, బుట్టకూ తొట్టికీ మధ్య సందుకూ అంటించాను. వానాకాలంలో బాల్కనీ కుండీల తొట్లను అసలు నింపను, బిరడా తీసి వదిలేస్తాను. గాలిలో తేమ ఉన్నన్నాళ్లు ఆ నీటితో పెద్ద పని కూడా లేదు. చిన్న పిల్లలున్న ఇల్లు, వారం వారం చూసుకునే ఓపిక లేదు అనుకుంటే మాత్రం మామూలు కుండీయే నయమని నా అభిప్రాయం.

రెండో చిక్కు మెల్లగా బయటపడింది. చలికాలం వచ్చేసరికి పై మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టింది. అత్తయ్యగారు బూజు అన్నారు. గోకి చూస్తే గరగరలాడింది, ఉప్పు. మా అపార్టుమెంటులో వాడుక నీళ్లు బోరువి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే లీటరుకు 900 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి మన దేశ ప్రమాణం 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2000 దాకా. లీటరుకు 900 మిల్లీగ్రాములంటే, ఒక మొక్క ఏడాదికి 50 లీటర్లు తాగితే 45 గ్రాముల లవణం కుండీలోకి చేరినట్టు. అందులో మొక్క వాడుకునేది కొంతే. నీరు పైకెక్కి ఆవిరవుతుంది, ఉప్పు ఆగిపోతుంది. మామూలు కుండీలో పైనుంచి పోసిన నీళ్లు దాన్ని కొంతైనా కిందికి కడిగేస్తాయి, ఇందులో ఆ ప్రవాహమే లేదు. స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు గోధుమరంగుకు తిరగడానికి కారణం అదే.

ఆర్వో మిషను వదిలే నీళ్లు వృథా కాకూడదని మొక్కలకు పోసేవాళ్లు చాలామంది. గచ్చు కడగడానికి వాడండి, ఈ కుండీల్లో మాత్రం వద్దు. బోరు నీళ్లలోని ఉప్పంతా మరింత చిక్కబడి వచ్చేది అందులోనే. నేను ఇప్పుడు పోసేది మునిసిపల్ కుళాయి నీళ్లు. ఏ నది నుంచి వచ్చినా మా వీధిలో అవి మంజీరా నీళ్లే. వేసవిలో ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్టుకు పట్టి పోస్తాను. ఆవిరి చల్లబడి వచ్చిన నీరు కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. తినే ఆకుకూరలకు మాత్రం వాటిని వాడను. రెండు మూడు నెలలకొకసారి తెల్లటి పెచ్చును చెంచాతో గీసి పారేసి, లోపలి బుట్టను బయటికి తీసి, బాత్రూములో పైనుంచి నీళ్లు పోసి కిందికి కారనిస్తాను. వానాకాలంలో ఆ పని వాన చేస్తుంది, బుట్టలను బాల్కనీ అంచున పెడితే చాలు.

ఎరువు విషయంలోనూ ఇదే తర్కం. ద్రవ ఎరువును తొట్టిలో పోస్తే నాచు, వాసన. బియ్యం కడిగిన నీళ్లు, తొక్కలు నానబెట్టిన నీళ్లు తొట్టిలో పోయమని సలహా ఇచ్చిన బంధువులున్నారు. వాళ్లింట్లో పోసుకోమన్నాను. వానపాముల ఎరువు గుప్పెడు పైన కలిపి, ఆ రోజుకు పైనుంచి నీళ్లు పోస్తాను.

అన్ని మొక్కలకూ ఇది పనికిరాదు. స్నేక్ ప్లాంట్ తొట్టిలో నీళ్లు తగ్గలేదన్నాను కదా, దాని తత్వమే అంత. అదీ, జీజీ ప్లాంటూ, కలబందా, అడీనియమూ ఆకుల్లోనో దుంపల్లోనో కాండంలోనో నీళ్లు దాచుకునే జాతులు. వాటికి పూర్తిగా ఎండి తడవడమే ఇష్టం. వాటిని మట్టి కుండీల్లోకి మార్చేశాను. తమలపాకు తీగకు మాత్రం ఇది బ్రహ్మాండంగా కుదిరింది. ఎప్పుడూ తడి కోరుకునే తీగ, ఆకులు అరచేతికన్నా వెడల్పుగా వచ్చాయి. పుదీనా కూడా అంతే. తులసి విషయంలో ప్రయోగాలు చేయలేదు. రోజూ స్నానం చేసి చెంబుతో నీళ్లు పోసి దండం పెట్టుకునే మొక్కకు తనంతట తాను తాగే కుండీ ఎందుకు? అత్తయ్యగారి ముందు ఆ మాట ఎత్తే ధైర్యమూ నాకు లేదు.

బాల్కనీలో టమాటాకు 20 లీటర్ల పెయింటు బకెట్లు రెండు ఒకదానిలో ఒకటి దించి నేనే పెద్ద కుండీ చేశాను. పై బకెట్టు అడుగున పెరుగు డబ్బాకు రంధ్రాలు చేసి బిగిస్తే అదే కాలు, ఒక పీవీసీ గొట్టం ముక్క నీళ్లు పోయడానికి. ఖర్చు వంద రూపాయల లోపే. పెయింటు మరకలు బాగా కడుక్కోవాలి. ఊళ్లో నాన్నగారికి దాని ఫొటో చూపిస్తే, "ఈ మాత్రం దానికి ప్లాస్టిక్ ఎందుకు? మొక్క పక్కన ఒక మట్టి కుండ పాతిపెట్టి నీళ్లు పోయి" అన్నారు. ఆయన చెప్పింది ఎంత పాత పద్ధతి అంటే, దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఉంది. రంగు, మెరుగు వేయని కుండ గోడలోంచి నీరు మట్టికి ఎంత కావాలో అంత ఊరుతుంది. పక్కనే ఇంకో తొట్టిలో చిన్న ముంతను మెడదాకా పాతి, మూత పెట్టి వంకాయ నాటాను. ముంతకు మూత ఉంటే దోమకు దారి లేదు. బాల్కనీలో చోటుంటే నా ఓటు దానికే. హాల్లో చిన్న కుండీలో మాత్రం ముంతకు చోటు సరిపోదు.

ప్రస్తుతం నా ముందున్న సమస్య సింగోనియం. దాని వేళ్లు బుట్ట కాళ్ల రంధ్రాల్లోంచి తొట్టిలోకి దిగి, అక్కడ గుండ్రంగా చుట్టుకుపోయాయి. ఉప్పు కడుగుదామని బుట్టను లాగితే రావడం లేదు. తొట్టిలో సగం చోటు వేళ్లదే కావడంతో ఇదివరకటి కన్నా తక్కువ నీళ్లు పడుతున్నాయి, అవి తొందరగా అయిపోతున్నాయి. బుట్టను పైకెత్తగలిగినంత ఎత్తి, కత్తెరతో కింది వేళ్లలో మూడో వంతు తీసేసి, కొత్త పొట్టుతో ఇంకాస్త పెద్ద కుండీలోకి మార్చాలి. ఎండల్లో ఆ పని పెట్టుకోను. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక, మావారికి సెలవున్న రోజు చూసి మొదలుపెడతాను.